పతకం మనదంట, పిల్ల మనది కాదంట!

ఏప్రిల్ 14 వస్తుందంటే మన వాడల్ల కబడ్డీ కోర్టు గీస్తం. బాబాసాహెబ్ ఫొటోకు దండ వేస్తం, మైకు పెడతం, బోరంచ చుట్టుపక్కల ఊర్ల జట్లను పిలుస్తం. ఈ మంజీర దిక్కు ఊర్లల్ల మన పిలగాళ్లు పదిమంది నడుమ తలెత్తుకొని నిలబడే జాగ ఏదన్న ఉందంటే అది ఆ కోర్టే. ఒంటి మీద చెయ్యి పడకుండ కబడ్డీ లేదు. ఊర్ల దూరం నిలబడే పిలగాడు కోర్టుల పటేలు కొడుకు నడుం పట్టి గుంజుతడు. అందుకే మనకు ఆ ఆటంటే పాణం.

అయితే ఆ కోర్టు చుట్టూ నిలబడ్డ మన నోర్లు ఏమంటున్నయో ఎన్నడన్న విన్నమా? కూతకు పోయి దొరికినోణ్ని "గాజులు తొడుక్కోరా" అంటం. మెత్తగ ఆడినోణ్ని "ఆడంగోడు" అంటం. ఇంకా ముదిరితే ఈ పత్రికల రాయలేని మాట అంటం. అనేది ఎవరు? తరతరాలుగా కులం పేరే తిట్టుగా పడ్డ మనం.

ఇంకో సంగతి చూడండి. ఆట గెలిచినంక పిలగాళ్లు ఒకరినొకరు అలుముకుంటరు, భుజాల మీద ఎత్తుకుంటరు, చెంప మీద ముద్దు పెట్టుకుంటరు. ఎవ్వరూ ఏమనరు. "దోస్తానా అంటే గిట్లుండాలె" అని పెద్దమనుషులు గూడ మురుస్తరు. కానీ ఆ ఇద్దరి నడుమ ప్రేమ ఆట అయిపోయినంక గూడ ఉందని, అది దోస్తానా కంటె ఎక్కువని తెలిసిందనుకోండి. అవే చేతులు, అవే భుజాలు. కానీ ఊరంతా మొగోల్లయి మీదికి లేస్తది. ఈ ముచ్చట మన సంఘంల మాట్లాడాలని చాలా రోజులుగా అనుకుంటున్నం. ఎవరో ఒకరు మొదలుపెట్టాలె గనుక మేమే పెడుతున్నం. మేము బడిపంతుళ్లం, మా ఇండ్లల్ల మొదటిసారి డిగ్రీ చేతికొచ్చినోళ్లం. చదువు మాకిచ్చిన బాకీ ఇట్లనన్న తీర్చుకుందామని.

ముందుగాల ఒక ఆడపిల్ల కథ చెప్తం. కథ కాదు, జరిగింది.

ఒడిశాల జాజ్‌పూర్ జిల్లా చాకా గోపాల్‌పూర్ అనే ఊరు. మగ్గం నేసే పేదింట్ల ఏడుగురు పిల్లలు. అందుల ఒకామె ద్యుతీ చంద్. పరుగు ఆమెకు అన్నం పెట్టింది. ఆమె పరుగుకు సాన పట్టింది మన హైదరాబాదే. మన తెలుగు కోచ్ నాగపురి రమేష్ సారు ఆమెకు శిక్షణ ఇచ్చిండు, పుల్లెల గోపీచంద్ అకాడమీ నీడ ఇచ్చింది. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో 100 మీటర్లు, 200 మీటర్లు రెండింట్ల వెండి పతకాలు తెచ్చింది. అప్పుడు దేశమంతా "మా బిడ్డ" అన్నది.

2019 మే నెలల ఆ పిల్ల ఒక పత్రికతో తన మనసుల మాట చెప్పింది. తను ఒక అమ్మాయిని ప్రేమిస్తున్నానని, ఆమెతోనే బతకాలని ఉందని అన్నది. ఆ అమ్మాయి పేరు చెప్పలేదు, ఆమె నెమ్మది చెడకూడదని. అంతే! ఇల్లు ఒప్పుకోలేదు. ఎవరో బెదిరించి, ఆస్తి కోసం ఆమెతో ఇట్ల చెప్పిస్తున్నరని ఇంటోళ్లే పేపర్లకెక్కిండ్రు. ఊరి పరువు తీసిందని ఊరోళ్లు అన్నరు. ఏడాది కింద పతకం మెడల చూసి మురిసిన కండ్లకు ఇప్పుడు ఆ మెడ మీద తలకాయే కానరాకుండ పోయింది. పతకం మనది, పిల్ల మనది కాదు!

ఆ పిల్ల ఏం చేసింది? రెండు నెలలు గూడ తిరగకముందే, జూలైల, ఇటలీ దేశం నేపుల్స్ పట్నంల ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో 100 మీటర్లు 11.32 సెకన్లల్ల ఉరికి బంగారు పతకం తెచ్చింది. ఆ పోటీల 100 మీటర్ల బంగారం తెచ్చిన మొదటి భారత స్త్రీ ఆమెనే. మళ్ల శుభాకాంక్షలు, మళ్ల ఫొటోలు. 2022ల బర్మింగ్‌హామ్ కామన్‌వెల్త్ క్రీడల మొదటిరోజు, ఇట్లాంటి ప్రేమను ఇంకా నేరంగ చూసే దేశాల తీరుకు ఎదురుగ రంగురంగుల జెండా పట్టి నడిచిన ఆటగాళ్లల్ల ఆమె గూడ ఒకరు.

ఒక మాట దాచకుండ చెప్పాలె. 2023ల నిషేధిత మందు దొరికిందని ఆమె మీద నాలుగేండ్ల నిషేధం పడ్డది. తను కావాలని తీసుకోలేదని ఆమె చెప్పుకున్నది, పెద్దలు ఒప్పుకోలేదు. అది ఆట రూలు, ఆ రూలు అందరికీ ఒక్కటే ఉండాలె, మేము వాదించం. కానీ "చూసిండ్రా, అసొంటోళ్లు గిట్లనే" అన్న మాట మా చెవిన పడ్డది. మందు కేసుల నిషేధం పడ్డ ఆటగాళ్లు ఈ దేశంల మస్తుమంది ఉన్నరు. వాళ్లల్ల పెండ్లాం పిల్లలున్నోళ్లు లేరా? వాళ్లు ఎవరిని ప్రేమించిండ్రని ఎవరన్న అడిగిండ్రా? ఒకరు తప్పు చేస్తే వాని తప్పు, ఇంకొకరు చేస్తే వాని జాతి తప్పు! ఈ లెక్క మనకు కొత్త కాదు గదా. మన పిలగాడు ఒకడు దొంగతనం చేస్తే వాడంతా దొంగలే అన్న లెక్క ఇదే.

అసలు ఆటల మైదానం సంగతి మనకంటె ఎవరికి ఎరుక? వందేండ్ల కింద పల్వంకర్ బాలూ అని ఒక చమార్ బిడ్డ. 1911ల ఇంగ్లండు పోయి వందకు పైన వికెట్లు తీసిండు. పూనాల బ్రాహ్మణ ఆటగాళ్లకు అతని బంతి కావాలె గని, చాయ్ మాత్రం అతనికి బయట, మట్టి ముంతల. బంతి ముట్టొచ్చు, కప్పు ముట్టొద్దు! ఇది పాత ముచ్చట అంటరా? 2021 ఆగస్టుల టోక్యో ఒలింపిక్స్‌ల మన ఆడోళ్ల హాకీ జట్టు సెమీఫైనల్ ఓడింది. ఆ జట్టుల వందనా కటారియా దళిత బిడ్డ. హరిద్వార్ దగ్గర రోష్నాబాద్‌ల ఆమె ఇంటి ముందు అగ్రకులపోళ్లు పటాకులు కాల్చిండ్రు, జట్టుల దళితులు ఎక్కువైనందుకే ఓడిందని కులం పేరు పెట్టి తిట్టిండ్రు. తమిళనాడు పుదుక్కోట్టై జిల్లా దళిత బిడ్డ శాంతి సౌందరరాజన్ 2006 దోహా ఆసియా క్రీడల్లో 800 మీటర్లల వెండి తెస్తే, "నువ్వు ఆడదానివేనా" అని ఒళ్లు పరీక్ష చేసి పతకం గుంజుకున్నరు. ఆ బిడ్డ తరువాత ఇటుక బట్టీల కూలికి పోయింది. 2014ల ద్యుతీని గూడ అదే ప్రశ్న అడిగి కామన్‌వెల్త్ క్రీడలకు పోనియ్యలేదు. ఆమె అంతర్జాతీయ కోర్టుకెక్కి, 2015ల ఆ రూలును ఆపించింది.

ఇప్పుడు చెప్పండి. బాలూ చేతిని చూసి, శాంతి ఒంటిని చూసి, వందన కులాన్ని చూసి, ద్యుతీ ప్రేమను చూసి లేచిన నోర్లు వేరువేరు నోర్లా? నీ కష్టం మాకు కావాలె, నువ్వు మాకు వద్దు. ఇదే గదా అన్నింట్లనూ ఉన్న మాట?

"అది పట్నపోళ్ల రోగం, విదేశాల నుంచి వచ్చింది" అని మన సంఘం అన్నలే కొందరు అంటున్నరు. అన్నలారా, విదేశాల నుంచి వచ్చింది ప్రేమ కాదు, దాన్ని నేరం చేసిన చట్టం. 1860ల ఇంగ్లీషు దొరలు రాసిన శిక్షాస్మృతిల 377 సెక్షన్ పెట్టిండ్రు. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టుల ఐదుగురు జడ్జీలు ఒక్కమాట మీద, ఇష్టపడ్డ పెద్దోళ్ల ప్రేమ నేరం కాదని చెప్పిండ్రు. ఏ మాట ఆధారంగ చెప్పిండ్రు? బాబాసాహెబ్ రాజ్యాంగ సభల చెప్పిన రాజ్యాంగ నైతికత అన్న మాట ఆధారంగ. ఊరి నీతి ఒకటుంటది, రాజ్యాంగ నీతి ఒకటుంటది, రెండూ తలపడితే రాజ్యాంగ నీతే గెలవాలె అని. ఊరి నీతే గెలవాలంటే మనం ఇయ్యాల గూడ చెప్పులు చేతుల పట్టుకొని పటేలు ఇంటి ముందర నడవాల్సినోళ్లం! 2024 జూలై నుంచి అమలైన కొత్త శిక్షా చట్టంల ఆ సెక్షనే లేదు. ఇద్దరు ఆడోళ్ల పెండ్లిని, ఇద్దరు మొగోళ్ల పెండ్లిని చట్టం ఇంకా గుర్తించలేదు. 2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు అది పార్లమెంటు పని అన్నది. కానీ కలిసి బతుకుడు నేరం కాదు. ఇది తెలువక మన దగ్గర "పోలీసులకు పట్టిస్తం" అని బెదిరించేటోళ్లు ఇంకా ఉన్నరు. వాళ్లకు చెప్పండి, బెదిరించుడే నేరమని.

ఆ తీర్పు వచ్చిన ఎనిమిది రోజులకు, 2018 సెప్టెంబర్ 14న, మిర్యాలగూడల ప్రణయ్‌ని దవాఖాన ముందట నరికిండ్రు. గర్భవతి అయిన పెండ్లాం పక్కననే. ఆయన చేసిన నేరమేంది? పై కులం పిల్లను ప్రేమించుడు. చంపించినోళ్లు చెప్పుకున్న కారణమేంది? పరువు! ఆడ ఒడిశాల ఊరోళ్లు అన్నదేంది? పరువు! ఒక్కటే తాడు, రెండు మెడలు. 1916లనే బాబాసాహెబ్ కొలంబియాల చదివిన వ్యాసంల చెప్పిండు, కులం బతికేది పెండ్లి మీద కాపలాతోనే అని. ఎవరు ఎవరిని ముట్టాలె, ఎవరు ఎవరితో తినాలె, ఎవరు ఎవరిని ప్రేమించాలె అన్న మూడు తాళాలకూ ఒక్కటే తాళపు చెవి, అది ఊరి పెద్దల నడుముకే ఉంటది. రెండు తాళాలు పగలగొడతం, మూడోది పెద్దల దగ్గరనే ఉండనిస్తం అంటే ఆ తలుపు తెరుచుకుంటదా?

బాబాసాహెబ్ ఈ సంగతి మీద ఏమన్న చేసిండా అని అడిగేటోళ్లకు ఒకటి చెప్తం. బొంబాయిల ర.ధో. కర్వే అనే ఆయన 'సమాజ స్వాస్థ్య' అని మరాఠీ పత్రిక నడిపిండు. ఆడ మొగ సంబంధాల గురించి, ఇట్లాంటి ప్రేమల గురించి గూడ చదివెటోళ్లు ప్రశ్నలు రాస్తే దాచకుండ జవాబు ఇచ్చిండు. అశ్లీలమని కేసు పెట్టిండ్రు. 1934ల ఆ కేసుల కర్వే తరఫున కోర్టుల నిలబడ్డ వకీలు ఎవరనుకున్నరు? డాక్టర్ అంబేద్కర్. కేసు ఓడిపోయింది. కానీ నలుగురు ముఖం తిప్పుకునే కేసును ఆయన చేతికి తీసుకున్నడు. ఆయన బొమ్మకు దండ వేసి కబడ్డీ ఆడించే మనం ముఖం తిప్పుకుంటమా?

"మనకు భూమి లేదు, కూలి గిట్టుబాటు లేదు, ఈ ముచ్చట ఇప్పుడెందుకు" అనేటోళ్లకు గూడ జవాబు చెప్పాలె. ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలె.

కొన్నేండ్ల కింద మన దిక్కుననే ఒక ఊర్ల ఇద్దరు పిలగాళ్లు ఒకే జట్టుల కబడ్డీ ఆడేది. ఇరవై దాటినోళ్లు, డిగ్రీ చదివినోళ్లు. ఒకడు మనోడు, ఇంకొకడు పై కులపోడు. నాలుగేండ్లు ఒక్క జట్టే. ఒక పొద్దుమాపు మంజీర ఒడ్డున ఇద్దరూ చెయ్యి చెయ్యి పట్టుకొని కూసున్నప్పుడు ఎవడో ఫోన్ల ఫొటో తీసిండు. తెల్లారేసరికి అది ఊరందరి ఫోన్లల్లకు చేరింది. పంచాయితీ పెట్టిండ్రు. పెద్దమనుషులకు ఏది నేరమో వాళ్లకే తెలుస్తలేదు. ఒకాయన "ఆ వాడకు పోయి వాళ్లింట్ల తిన్నవా" అని వాళ్ల పిలగాణ్ని అడుగుతడు. ఇంకొకాయన "మీ ఇద్దరికీ ఏం సంబంధం" అని ఇద్దర్నీ అడుగుతడు. తినుడు ఒక నేరం, ప్రేమ ఇంకో నేరం, రెండూ కలిపి ఒక్క శిక్ష.

మేము ఆడనే ఉన్నం. తినుడు మాట వచ్చినప్పుడు లేచి నిలబడ్డం. చట్టం చెప్పినం, అట్రాసిటీ కేసు పెడతమన్నం, పెద్దమనుషుల నోరు మూయించినం. రెండో మాట వచ్చినప్పుడు కూసున్నం. తల కిందికేసుకున్నం. ఆ పిలగాడు మా దిక్కు చూసిండు. ఆ చూపు ఇంకా మమ్మల్ని ఇడవలేదు. మన వాడ పెద్దలే "వాడ పరువు తీసినవు" అని వాణ్ని కొట్టిండ్రు. పై కులపోళ్లు ఒక్క దెబ్బ వేయలేదు, ఆ పని మనోళ్లే చేసి పెట్టిండ్రు. వారం తిరగకముందే వాడు హైదరాబాద్ పోయిండు. ఆడ అడ్డా మీద నిలబడి కూలి చేస్తున్నడని విన్నం. మళ్ల కోర్టుల అడుగు పెట్టలేదు. ఆ ఇంట్ల మొదటి డిగ్రీ వానిదే.

ఇప్పుడు చెప్పండి, ఇది కూలి ముచ్చట కాదా? ఇంటి నుంచి గెంటేస్తే తిండి పోతది, చదువు పోతది, తాత ఇచ్చిన అరెకరంల భాగం పోతది. వాణ్ని వాడల నుంచి వెళ్లగొట్టినంక భూమి పోరాటం ఎవరి కోసం?

నల్లవాళ్ల చరిత్రల గూడ ఇట్లాంటి గాయం ఉంది. ఇంగ్లండుల జస్టిన్ ఫషాను అని నల్లజాతి ఫుట్‌బాల్ ఆటగాడు. 1981లనే పది లక్షల పౌండ్లు పెట్టి ఒక క్లబ్బు కొన్నంత ఆట అతనిది. 1990ల తను మొగవాళ్లను ప్రేమిస్తానని బయటికి చెప్పిండు. తెల్లవాళ్లు స్టేడియంలల్ల అరిచిండ్రు, అది ఎట్లనూ అరుస్తరు. కానీ ఫుట్‌బాల్ ఆడే సొంత తమ్ముడే బహిరంగంగ అతన్ని కాదన్నడు. నల్లవాళ్ల గొంతుకగా పుట్టిన పత్రికనే అతను జాతికి తలవంపు తెచ్చిండని రాసింది. 1998ల జస్టిన్ ఉరేసుకున్నడు. తమ్ముడు చాలా ఏండ్లకు తప్పైందని బాధపడ్డడు. బాధపడి ఏం లాభం? బయటోడు రాయి వేస్తే తలకు తగులుతది, సొంతోడు వేస్తే పాణానికి తగులుతది. మన పత్రిక అట్లాంటి పత్రిక కావద్దని ఈ నాలుగు మాటలు రాస్తున్నం.

ఇంకో మాట. వరంగల్ జిల్లా కల్లెడ కూలోళ్ల బిడ్డ దీప్తి జీవాంజిని చిన్నప్పుడు "పిచ్చిది", "కోతి" అని వెక్కిరించేది. ఆమె గూడ రమేష్ సారు దగ్గరనే పరుగు నేర్చి 2024 పారిస్ పారాలింపిక్స్‌ల కంచు పతకం తెచ్చింది. ఇప్పుడు ఆ పేరు చెప్పుకొని అందరం మురుస్తున్నం. మంచిదే. కానీ పతకం తెస్తేనే మనిషా? ద్యుతీకి పతకం ఉండె, కొంచెమన్న ఎదురు నిలబడ్డది. మంజీర ఒడ్డు పిలగానికి ఏ పతకం ఉండె? ఆత్మగౌరవం పతకం కాదు, గెలిచినోని మెడల వేసేటందుకు. అది ఓడినోనికి గూడ ఉండాలె, ఆడనోనికి గూడ ఉండాలె. మన ఉద్యమం మొదటి మాట అదే గదా?

అందుకని ఈసారి ఏప్రిల్ 14కు మూడు పనులు పెట్టుకుందాం. ఒకటి, కోర్టు దగ్గర కులం పేరుతో తిడితే ఎట్ల ఊకోమో, "ఆడంగోడు" వంటి మాటలకు గూడ అట్లనే ఊకోవద్దు. మైకుల ముందుగాలనే చెప్పాలె, తిట్టినోని జట్టుకు ఒక పాయింటు కోయాలె, మళ్ల తిడితే జట్టును బయటికి పంపాలె. రెండు, ఇట్లాంటి ప్రేమ పేరుతో ఎవరినన్న ఇంట్లనుంచి, వాడలనుంచి వెళ్లగొడితే, కులాంతర పెండ్లి జంటకు ఎట్ల నిలబడతమో అట్లనే సంఘం నిలబడాలె. ఇల్లు చూపాలె, పోలీస్ టేషన్‌కు తోడు పోవాలె. మూడు, ఆడోళ్ల మీటింగుల, యువజన మీటింగుల ఈ ముచ్చట నవ్వకుండ ఒక్కసారి మాట్లాడాలె. నవ్వొస్తే ఆ నవ్వు ఎక్కడి నుంచి వస్తున్నదో మనల్ని మనమే అడుక్కోవాలె.

ఆ తమ్మునికి ఒక మాట. ఈ పత్రిక అడ్డా మీద కూడా చేతులు మారుతదని మాకు తెలుసు. తమ్మీ, ఆనాడు మేము కూసున్నం. తప్పు మాది. ఈ జయంతికి నువ్వు రా. నీతో వచ్చేటోళ్లు ఎవరైనా సరే, వాళ్లను తోలుకొని రా. మొదటి కూత నీదే. ఎవడన్న నోరు లేపితే ఈసారి ముందుగాల లేచేది మేమే.

జై భీమ్!